డిక్కీలో పెట్టిన బూర

ఈ మధ్య నా దగ్గరికి వచ్చే కుర్రాళ్ళు ఎక్కువయ్యారు. తిరుపతిలో పాత రేడియో మెకానిక్కు ఒకడు ఇంకా బతికే ఉన్నాడని ఎవరో చెబుతారు కాబోలు, వచ్చి కూర్చుని, కారులో పెట్టుకునే పెద్ద స్పీకరు గురించి అడుగుతారు. ఎన్ని అంగుళాల స్పీకరు వేయాలి, పెట్టె ఎంతుండాలి, ఇవే రెండు ప్రశ్నలు. జవాబు నాకు తెలుసు. కానీ నేను ముందు "ఎక్కడ వాయిస్తావు నాయనా?" అని అడుగుతాను. ముసలాయన మాట దాటేస్తున్నాడని వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఆ ప్రశ్న నాకు ఎలా అబ్బిందో ఇక్కడ రాసి పెడుతున్నాను. ఇకమీదట వచ్చేవాళ్ళు ఇది చదువుకుని వస్తే నాకు సగం శ్రమ తగ్గుతుంది. నాకు మొదటినుంచీ ఓపిక తక్కువ.

ఎనభైల మొదట్లో మాట. కారులో టేపు పాట వినిపిస్తే రోడ్డు మీద జనం తల తిప్పి చూసే రోజులు. నేను ఒక రేడియో షాపులో మెకానిక్కుగా ఉండేవాణ్ణి. వాల్వు రేడియోల నుంచి పెళ్ళిళ్ళ మైకు సెట్ల దాకా అన్నీ నా బల్ల మీదికే వచ్చేవి. పని లేకపోతే నాకు పిచ్చెక్కేది. బాగున్న రేడియోని కూడా విప్పి మళ్ళీ బిగించేవాణ్ణి.

ఒకరోజు పొద్దున్నే షాపు ముందు పాత అంబాసిడరు ఆగింది. వెనక సీటు నిండా ట్రంపెట్లు, క్లారినెట్లు. అది పెళ్ళిళ్ళకు వాయించే బ్యాండు మేళం ఓనరుది. ఆయన కారు దిగి, నన్ను బయటికి పిలిచి, డిక్కీ మీద అరచేత్తో కొట్టాడు.

"అబ్బా, ఈడ్నించి పెద్ద డ్రమ్ము సౌండు రావాల. చేస్తావా?"

"పాటలకా?"

"పాటలెవరికి గావాల? డ్రమ్ము గావాల" అని, కారులో ముందు సీట్లో కూర్చున్న మనిషిని చూపించాడు. "ఆయప్పకు పేగు జారిండాది. బరువు మొయ్యొద్దని డాక్టరు చెప్పినాడు. ఆపరేషనంటే ఆయప్పకు బయం. ఆయప్ప లేకుంటే నాకు మేళమే లేదు."

కారులోంచి దిగిన మనిషి ఆ మేళంలో పెద్ద డ్రమ్ము వాయించే ఆయన. పొడగరి, కానీ ముందుకు వంగిపోయి ఉన్నాడు. పెద్ద డ్రమ్మంటే మీలో కొందరు చూసి ఉండరు. బండి చక్రమంత ఉంటుంది. తోలు పట్టీ భుజాల మీదుగా వేసుకుని, పొట్ట మీద ఆనించుకుని, రెండు వైపులా గుండు కర్రలతో కొడుతూ నడవాలి. అది లేకపోతే ట్రంపెట్ల వాళ్ళకు అడుగు తప్పుతుంది, పాట వదులైపోతుంది. ఈయన పెళ్ళైన నాటినుంచీ దాన్ని మోస్తున్నాడట.

"మాన్పించేస్తే నేనేం పని చేసేది సార్? నాకింగొకటి రాదు" అన్నాడు. అది నన్ను అడిగినట్టు లేదు. పొత్తికడుపు కింద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు. ఆ చెయ్యి తీయలేదు.

నాకు అప్పుడే ఆలోచన పరుగెత్తింది. చంకలో పట్టే చిన్న డ్రమ్ము ఒకటి ఆయనకిద్దాం. రికార్డు ప్లేయరులో ముల్లు దగ్గరుండే చిన్న బిళ్ళను ఆ డ్రమ్ము అంచుకు అతికిస్తే, తోలు అదిరిన అదురంతా వైరులోకి వస్తుంది. దాన్ని ఆంప్లిఫయరులో సన్నని శబ్దం కోసేసి, బరువు శబ్దం పెంచి, డిక్కీలో పెద్ద స్పీకరుకు ఇద్దాం. కొట్టేది ఆయన చెయ్యే, పలికేది మాత్రం కారు. ఆయన డ్రమ్మరుగానే ఉంటాడు, బరువు ఉండదు. ఈ మాట చెప్పగానే ఓనరు నా భుజం మీద చరిచాడు. డ్రమ్మాయన మాత్రం కారులోంచి చిన్న డ్రమ్మును తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది పిల్లోళ్ళు వాయించేది గదా" అన్నాడు.

కారు బ్యాటరీ మీద నడిచే ఆంప్లిఫయరుకు అంత బలం ఉండదు. అందుకని మామూలు పెట్టె కాకుండా బూర పెట్టె కడతానన్నాను. నాదస్వరం చూడండి. నోట్లో పెట్టుకునే పీక సన్నగా ఉంటుంది, చివర అణసు గిన్నెలా విచ్చుకుని ఉంటుంది. ఊదేవాడి ఊపిరి ఒకటే అయినా ఆ విచ్చుకున్న నోటి వల్ల ఊరంతా వినిపిస్తుంది. అలాగే స్పీకరును సన్నని సందు చివర బిగించి, ఆ సందును పెట్టెలోనే మలుపులు తిప్పుతూ వెడల్పు చేసుకుంటూ పోయి, చివర పెద్ద నోరు పెట్టాలి. శబ్దం ఎంత బరువుగా కావాలంటే దారి అంత పొడుగు, నోరు అంత పెద్దది. ఇంగ్లీషు పత్రికలో చదివిన లెక్క ప్రకారం డ్రమ్ము శబ్దానికి నోరు ఇంటి వాకిలి కన్నా పెద్దది కావాలి. డిక్కీలో ఇంటి వాకిలి పట్టదు. మూలన పెడితే చిన్న నోరైనా చాలునని కూడా ఆ పత్రికలోనే రాశారు. చాలునన్న ముక్క నా మనసుకు పట్టింది. మూలన అన్న ముక్క పట్టలేదు.

ఇక స్పీకరు దగ్గర మొదలైంది నా అవస్థ. పాత రేడియోగ్రాంలోంచి తీసిన పన్నెండు అంగుళాల స్పీకరు ముందు పెట్టాను. దాని గరాటు కాగితం మెత్తన. వట్టి పెట్టెలో బాగానే పలికేది, సన్నని సందు ముందు బిగించేసరికి గాలి ఒత్తిడికి ఆగలేక రెపరెపలాడింది. డ్రమ్మాయన రోజూ బస్సు దిగి షాపుకు వచ్చి, చిన్న డ్రమ్ము మీద ఒక దెబ్బ వేసి, చెవి ఒగ్గి వినేవాడు.

"సౌండు వస్తా ఉండాది సార్. దెబ్బ రాలేదు."

ఆ మాటతో నాకు అన్నం సయించేది కాదు. మా ఇంట్లో వాళ్ళు నా కంచం ముందు నుంచి స్క్రూడ్రైవరు లాక్కున్నారు. చివరికి వడమాలపేట దగ్గర మూసేసిన టూరింగ్ టాకీసు స్పీకరు ఒకటి ఉందని తెలిసి పరుగెత్తాను. పదిహేను అంగుళాలది. కాగితం అప్పడంలా బిరుసు, మాగ్నెట్టు పిల్లవాడంత బరువు. బూరకు కావలసింది అదే. కాగితం కొంచెమే కదలాలి, కదిలినప్పుడు గట్టిగా తొయ్యాలి. బస్సులో ఒళ్ళో పెట్టుకుని వస్తుంటే మాగ్నెట్టు సీటు కమ్మీకి అతుక్కుంది. దిగేటప్పుడు నేనూ కండక్టరూ కలిసి పీకాం. ఆయన నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

స్పీకరు పెరిగింది కాబట్టి పెట్టె కూడా పెరిగింది. పెట్టె కట్టిన వడ్రంగి ఆచారి మంచి పనిమంతుడు. ప్లైవుడ్డుతో లోపలి మలుపులన్నీ గాలి జొరకుండా కట్టాడు. తీరా డిక్కీలోకి తోయబోతే పెట్టె దూరలేదు. డిక్కీ లోపల చోటుంది, లోపలికి పోయే దారే చిన్నది.

"ఏమప్పా, కొలతలు తీసుకుంటివి గదా?" అని ఓనరు అరిచాడు.

"డిక్కీ కొలవమంటిరి, కొలిచినా. డిక్కీ నోరు కొలవమని యాడ చెప్పినారు?" అన్నాడు ఆచారి. ఆయన తప్పేం లేదు. అలాగని నా తప్పని ఒప్పుకునే స్థితిలో నేనూ లేను. ముగ్గురం కాసేపు ఒకరినొకరం అనుకున్నాం. చివరికి ఓనరే తేల్చాడు. "మూత పీకేయండబ్బా. వానొస్తే టార్పాలిను కప్పుదాం." డిక్కీ మూత ఊడదీశాం. పెట్టె పైనుంచి దిగింది, కానీ సగం బయటికే నిలబడింది. పైన చదునుగా, చిన్న మంచమంత.

పడుతుందని తేలాక పెట్టెను మళ్ళీ కిందికి దించాం, కారులో బిగించే ముందు షాపులో వాయించి చూడాలి కదా. పెట్టె నడవడానికి అడ్డమని, రెండు గోడలు కలిసే మూలకు, ఇనప బీరువా పక్కకు తోశాను. అంతకు మించి ఆలోచన లేదు. డ్రమ్మాయన చిన్న డ్రమ్ము మీద కర్ర వేశాడు. షాపు అద్దాలు గలగలమన్నాయి. బల్ల మీద పట్టకారు కదిలి కింద పడింది. పక్క కొట్టు వాళ్ళు బయటికి వచ్చారు.

ఆయన పెట్టె మీద అరచెయ్యి ఆనించి ఇంకో దెబ్బ వేశాడు. "ఇది నా దెబ్బే సార్" అన్నాడు. అన్ని రోజుల్లో ఆయన నవ్వడం అదే మొదలు. పొత్తికడుపు కింద ఉండే చెయ్యి ఆ పూట అక్కడ లేదు. నాకు కళ్ళు చెమర్చాయి. నేను చేసిన వస్తువు ఒక మనిషి ఒంటి మీది బరువు దించిందని గర్వంగా ఉంది.

మొదటి పెళ్ళి ఐరాలలో తగిలింది. చిత్తూరు నుంచి మగపెళ్ళివాళ్ళు వస్తారు. ఊరి బయటే మేళంతో ఎదురెళ్ళి, ఊళ్ళోకి తీసుకురావాలి. ముందు మా అంబాసిడరు, దాని వెనక మేళం, ఆ వెనక పెళ్ళికొడుకు ఎక్కిన కారు. నన్నెవరూ రమ్మనలేదు. కానీ ఇంట్లో కూర్చోలేక నేనూ ఎక్కాను. దారి పొడుగునా వైర్లు పీకి మళ్ళీ తగిలిస్తూనే ఉన్నాను. కారు పైన క్యారియరు మీద పెద్ద డ్రమ్మును కట్టి ఉంచడం దిగాక చూశాను. "ఎందుకైనా మంచిదని" అన్నాడు ఓనరు. డ్రమ్మాయన అది చూసీ చూడనట్టు ఉన్నాడు.

సాయంత్రం ఎండ ఇంకా ఉంది. రోడ్డుకు రెండు వైపులా చెరుకు కొట్టేసిన చేలు, ఎంత దూరం చూసినా బయలే. మగపెళ్ళివాళ్ళు దిగారు. ఓనరు చెయ్యి ఎత్తాడు. ట్రంపెట్లు లేచాయి. డ్రమ్మాయన కర్ర వేశాడు.

టప్ అంది. అంతే.

సౌండు పెంచాను. టప్ టప్ అంది. వైరు ఊడిందేమోనని చూశాను. బిళ్ళ ఊడిందేమోనని చూశాను. స్పీకరు అదురుతూనే ఉంది, చెయ్యి పెడితే తెలుస్తోంది. బూర నోట్లోంచి మాత్రం ఏమీ రావడం లేదు. ట్రంపెట్ల వాళ్ళకు అడుగు దొరకక తలో దారి పట్టారు. పెళ్ళికొడుకు మేనమామ, మగపెళ్ళివాళ్ళలో పెద్దరికం ఆయనదే, ముందుకొచ్చి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"ఏమబ్బా, మీ డ్రమ్ముకు జొరమొచ్చిండాదా?"

వెనకున్న వాళ్ళు నవ్వారు. అప్పుడు తెలిసింది నాకు. షాపులో ఆ రెండు గోడలూ, నేలా, బీరువా కలిసి నా బూరకు నోరయ్యాయి. నేను కట్టింది సగం బూర. మిగతా సగం షాపు గోడలే, వాటిని తిరుపతిలో వదిలేసి వచ్చాను. పత్రికలో ఆ ముక్క చదివినవాణ్ణి నేనే కదా అని నా మీద నాకే మండుకొచ్చింది.

డ్రమ్మాయన నావైపు చూశాడు. "ఆ పొద్దు వినపడిందే సార్" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. కోప్పడి ఉంటే తట్టుకునేవాణ్ణేమో.

ఓనరు క్యారియరు మీది తాళ్ళు విప్పి పెద్ద డ్రమ్ము దించాడు. "ఊర్లోకి పొయ్యేదాకా మొయ్యప్పా. ఈ ఒక్క తూరికి. ఈ పెండ్లి చెడితే ఇంగ ఎవురూ మనల్ని పిలవరు" అన్నాడు. ఆయన గొంతులోనూ బతిమాలుడే ఉంది. డ్రమ్మాయన పట్టీ భుజాల మీదికి ఎత్తుకున్నాడు. బరువు పొట్ట మీద పడగానే మొహం నల్లబడింది. పళ్ళు బిగపట్టి నిలబడ్డాడు.

నేను వెళ్ళి పట్టీ పట్టుకున్నాను. "వద్దు, దించు."

"నువ్వు మోస్తావా?" అన్నాడు ఓనరు.

మోస్తానన్నాను. అన్నాక మోయాలి కదా. ఆ డ్రమ్ము నేను తగిలించుకుంటే ఆయన పక్కనుంచి కొడుతూ నడవాలని ఏర్పాటు. నాలుగడుగులు వేశానో లేదో, ముందు రోడ్డు కనబడక గుంటలో కాలు పెట్టాను. డ్రమ్ముతో సహా పడబోతే ఆయనే పట్టుకున్నాడు. పేగు జారిన మనిషి నన్ను ఆపాడు. మగపెళ్ళివాళ్ళ నవ్వు ఈసారి ఇంకా పెద్దది. సిగ్గుతో డ్రమ్మును తీసి డిక్కీలో ఉన్న పెట్టె మీద పడేసి, పక్కనే నేనూ కూలబడ్డాను. కూలబడ్డాక గమనించాను, పెట్టె మీద డ్రమ్ము కుదురుగా నిలిచింది. దాని వెనక ఒక మనిషికి చోటు మిగిలింది.

వెంటనే కిందికి దూకి, "ఎక్కు" అన్నాను డ్రమ్మాయనతో.

ఆయన కదలలేదు. "పెండ్లికొడుకు ముందర కూసోనా? మేళం నడిచేదే సార్. నేనెప్పుడూ కూసోలేదు."

"వద్దబ్బా" అన్నాడు ఓనరు కూడా, గొంతు తగ్గించి. ఊరేగింపులో కూర్చునేది పెళ్ళికొడుకు ఒక్కడే. మేళం వాళ్ళు మండుటెండైనా, ముల్లు గుచ్చుకున్నా నడవాల్సిందే. ఎవరూ రాసి పెట్టలేదు గానీ, అది తప్పితే మేళానికి మళ్ళీ పిలుపు రాదు. నాకు అవేవీ పట్టలేదు. ఆయన చెయ్యి పట్టుకుని పెట్టె మీదికి లాగాను. ఆయన చెప్పులు వదిలేసి, బిక్కుబిక్కుమంటూ ఎక్కి, కారు వెనక అద్దానికి వీపు ఆనించి, కాళ్ళు లోపలికి మడుచుకుని కూర్చున్నాడు.

మేనమామ నేరుగా వచ్చేశాడు. "ఏందిది? మా పెండ్లికొడుకు కన్నా ఎత్తులో మేళగాడు కూసుంటాడా?"

ఓనరు నా వెనక్కి తప్పుకున్నాడు. నేను నోరు తెరిచేదాకా ఏం చెబుతానో నాకే తెలియదు.

"అమ్మవారి ఊరేగింపులో ముందర ఎద్దు మీద నగారా పోదా అయ్యా? ఆ వాయించేటోడు నడస్తాడా, ఎద్దు మీద కూసుంటాడా?" అన్నాను. తిరుచానూరులో అలాంటిది చూసినట్టు లీలగా గుర్తు. చూశానో, ఎవరైనా చెప్పగా విన్నానో ఈనాటికీ గట్టిగా చెప్పలేను. ఆ క్షణంలో మాత్రం కళ్ళారా చూసినవాడిలా చెప్పాను.

"అది దేవుడికి. మావోడు దేవుడా?"

"పెండ్లిపీటల మీద కూసోబెట్టి కాళ్ళు కడిగేది ఎవురికయ్యా? ఈ పొద్దుకు ఆయనే గదా దేవుడు."

మేనమామ పెళ్ళికొడుకు కారు వైపు చూశాడు. కాదంటే మేనల్లుణ్ణి తక్కువ చేసినట్టు. పక్కనున్న ముసలామె ఎవరో, "పొద్దు పోతా ఉండాది, కానీండప్పా" అంది. ఆయన మీసం దువ్వుకుని, "కాళ్ళు మాత్రం కిందికి యాలాడేయొద్దను" అని వెనక్కి తిరిగాడు.

డ్రమ్మాయన కర్ర ఎత్తాడు. నా బూర లోపల వట్టిదే కదా, ఆ పెట్టె మీద డ్రమ్ము పడేసరికి దెబ్బ ఇంకా నిండుగా వచ్చింది. ఆ బయల్లో కూడా గుండెకు తగిలింది. ట్రంపెట్ల వాళ్ళు తలలెత్తారు. అడుగులు కలిశాయి. కారు మెల్లగా కదిలింది, వెనక మేళం, ఆ వెనక పెళ్ళి. నేను కారు పక్కన నడుస్తూ వైరు ఇంకా చేతిలోనే పట్టుకుని ఉన్నాను. అది దేనికీ తగిలించి లేదని చాలాసేపటికి చూసుకున్నాను.

ఆ తర్వాత ఆ పెట్టెలోంచి స్పీకరు ఊడదీసేశాను. ఓనరు పైన పలచని పరుపు వేయించాడు. ఆ కారు చాలా పెళ్ళిళ్ళకు తిరిగింది. కొందరు పెద్దలు సణిగారు, కొందరు మేళగాడు కూర్చునేట్టయితే రావద్దన్నారు. పిలిచినవాళ్ళ దగ్గరికి పోయారు. నేను అన్ని రోజులు కుస్తీ పట్టి ఎంచిన స్పీకరు ఏమైందని అడుగుతారేమో. సినిమా హాలు వాళ్ళు తీసుకుపోయారు. అక్కడ గోడలున్నాయి కాబట్టి బాగానే పలికింది.

ఐరాలలో ఆ సాయంత్రం పెళ్ళికొడుకును విడిదిలోకి పంపాక, మేళం వాళ్ళందరూ మజ్జిగకు పోయారు. డ్రమ్మాయన మాత్రం పెట్టె మీంచి దిగలేదు. నొప్పి వచ్చిందేమోనని భయపడి దగ్గరికి వెళ్ళాను.

"నొప్పా?"

"లేదు సార్." కర్రలు ఒళ్ళో పెట్టుకుని విడిది వాకిలి వైపే చూస్తున్నాడు. "ఇన్నేండ్లూ పెండ్లికొడుక్కు ఈపు తిప్పి నడిచినా. యా పెండ్లిలోనూ ఆ పిల్లోడు ఎట్లుంటాడో నేను చూసింది లేదు."

"ఈ రోజు చూశావా?"

"చూసినా. నేను దెబ్బ ఏసినప్పుడంతా తలకాయ ఊపతా ఉన్న్యాడు సార్."